జల్లెడ బాబాయి పుట్టగొడుగులు

జల్లెడ బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఆయన గ్రంథాలయంలో కంప్యూటరు ఆపేసిన పేజీని ఎవరైనా తెరవమని అడిగితే, దాన్ని ముందు తాను చదవాలి. పైపైన చూసి వదిలేయడం కాదు. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో రాసే షరతుల దాకా, మధ్యలో సబ్బు ప్రకటన ఉంటే దాంతో సహా చదవాలి. చదివాక కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు "సరే, తెరుస్తాను" అనాలి. ఈలోగా అడిగిన మనిషికి ఆ పేజీతో అవసరమే తీరిపోయిన సందర్భాలున్నాయి. ఆయనకున్న మిగతా జబ్బులన్నీ ఈ ఒక్క జబ్బు వల్ల వచ్చినవే. వాటి సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఆ గ్రంథాలయంలో కింది అంతస్తులో పుస్తకాలు, పై అంతస్తులో ఆరు కంప్యూటర్లు. సభ్యత్వం కార్డు చూపించి ఎవరైనా అరగంట వాడుకోవచ్చు. జనం చూడకూడనివి చూసి చెడిపోకుండా ప్రధాన కార్యాలయం వాళ్ళు ఆ ఆరింటికీ ఒక ఫిల్టరు పెట్టించారు. దాని అసలు పేరు రెండు లైన్లుండేది. అంత పేరు పలికే ఓపిక లేక సిబ్బంది దాన్ని జల్లెడ అనేవారు. చెడ్డ పేజీ అనిపిస్తే చాలు, తెర నిండా ఎర్రటి అరచెయ్యి ప్రత్యక్షమయ్యేది. దాని కింద "ఈ పేజీ మీకు తగదు" అని రాసి ఉండేది.

ఉద్దేశం మంచిదే, ఎవరూ కాదనరు. కాని ఆ జల్లెడకి తాగడమూ, తాగుడు మానడమూ ఒకటే. జూదం ఆడించే పేజీనీ ఆపేది, జూదం మాన్పించే పేజీనీ ఆపేది. ఒంట్లో కొన్ని భాగాల పేర్లు కనిపిస్తే, రాసింది డాక్టరైనా సరే, అరచెయ్యి చూపించేది. మనిషి నలుగురిలో నోరు తెరిచి అడగలేని సంగతులేవో వాటినే ఏరి ఏరి ఆపడం దాని ప్రత్యేకత. అలా ఆపిన పేజీని తెరిపించుకోవాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది గ్రంథాలయాధికారి దగ్గర మాత్రమే ఉంటుంది. ఆ గ్రంథాలయాధికారే మన బాబాయి. జల్లెడ ఆయన చేతిలో ఉంది కాబట్టి, వచ్చేపోయేవాళ్ళు ఆయనకు ఆ పేరు తగిలించారు.

కౌంటరు మేడం ఆ గ్రంథాలయానికి బదిలీ మీద వచ్చిన మొదటి రోజే ఈ చదువు చూసింది. ఆమెకి నలభై రెండేళ్ళు. పదిహేడేళ్ళుగా పుస్తకాల మీద తేదీ ముద్రలు వేసిన చెయ్యి. చిన్నాచితకా విషయాలకు తొణికే మనిషి కాదు. ఆ రోజు మెళ్ళో కొలతల టేపుతో ఒక టైలరమ్మ మెట్లెక్కి వచ్చి, బాబాయి చెవిలో ఏదో చెప్పింది.

"ముందు నేను చదవాలి," అన్నాడాయన. "గురువారం రా అమ్మా."

"ఇవాళ సోమవారమే కదా బాబాయిగారూ."

"పెద్ద పేజీ తల్లీ. బొమ్మలు కూడా ఉన్నాయంటున్నావు. బొమ్మలకి ఒక రోజు అదనం."

ఆ తర్వాత ఆయన తన అద్దాల గదిలోకి వెళ్ళి, కుర్చీకి వేలాడుతున్న గోధుమరంగు శాలువా తీశాడు. తన తలనీ కంప్యూటరునీ కలిపి దాని కింద కప్పేశాడు, జలుబు చేసినవాడు ఆవిరి పట్టుకున్నట్టు. కాసేపటికి శాలువా లోపలి నుంచి "ఊఁ" అని వినిపించింది. తర్వాత "అబ్బో". ఇంకాసేపటికి "ఓహో, ఇదా సంగతి". కౌంటరు మేడం చేతిలోని ముద్ర పుస్తకం మీద పడకుండా గాల్లోనే ఆగిపోయింది.

గురువారం ఆయన గది తలుపు తీసి, హాలంతా వినపడేలా పిలిచాడు. "టైలరమ్మా, పుట్టగొడుగుల పెంపకం పేజీ తెరిచాను. నాలుగో నంబరుకి రా."

నాలుగో నంబరు కంప్యూటరు మూలగా ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్ళ వీపు గోడకి ఆనుకుంటుంది కాబట్టి తెర ఇంకెవరికీ కనపడదు. టైలరమ్మ వెళ్ళి కూర్చుంది. ఆయన ఆమె చేతిలో ఒక చిన్న చీటీ పెట్టి వచ్చేశాడు.

ఆ వారంలోనే ఉద్యోగం నుంచి దిగిపోయిన బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయనకీ పుట్టగొడుగుల పేజీయే. కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. వాళ్ళకీ పుట్టగొడుగులే. బ్యాంకు దగ్గర కాపలా ఉండే అతను, లెక్కల పంతులు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నర్సు, అందరికీ పుట్టగొడుగులే. కౌంటరు మేడానికి మతి పోయింది. ఊరంతా అపార్టుమెంట్లు, చాలా ఇళ్ళకి బట్టలారేసుకునే బాల్కనీ కూడా లేదు. వీళ్ళంతా ఎక్కడ పెంచుతున్నారో ఆమెకి అంతుపట్టలేదు. ఒకరోజు మార్కెట్లో కూరగాయలమ్మే అతణ్ణి అడిగే అడిగింది.

"ఊళ్ళో ఇంతమంది పెంచుతుంటే పుట్టగొడుగుల ధర తగ్గదేం బాబూ?"

"ఎవరు పెంచుతున్నారమ్మా?"

"అందరూ."

అతను ఆమెకేసి ఓసారి చూసి, జాగ్రత్తగా చిల్లర చేతిలో పెట్టాడు.

ఇక జబ్బుల సంగతి. బాబాయి చదివిందల్లా ఆయన ఒంటికి పట్టేసేది. పిల్లలు పక్క తడపడం గురించి చదివిన వారం సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. జుట్టు రాలడం గురించి చదివిన రోజు, ముప్పై ఏళ్ళ కిందటే ఖాళీ అయిన నెత్తిని ఆందోళనగా తడుముకున్నాడు. ఒకరోజు కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫైలుతో విసురుకుంటూ కూర్చున్నాడు.

"వేడి ఆవిర్లు వస్తున్నాయి తల్లీ."

"ఏం చదివారు సార్?"

"పుట్టగొడుగులు."

"నిజం చెప్పండి."

"ఆడవాళ్ళకి యాభై దాటాక ఒంట్లో వచ్చే మార్పులు."

"అవి మీకు రావు సార్."

"ఆ పేజీలో కూడా అలాగే రాశారు. కాని చెమట పడుతోందే."

సోమవారం పదిన్నరకి ఆయన భార్య నుంచి కౌంటరుకి ఫోను రావడం గడియారం తిరిగినంత కచ్చితం. "అమ్మాయ్, ఈ వారం ఈయన ఏం చదువుతున్నారు?" అని అడిగేది.

"పుట్టగొడుగులంటున్నారు పిన్నిగారూ."

"పుట్టగొడుగులైతే ఎడమవైపు తిరిగే ఎందుకు పడుకుంటున్నారు? కుడివైపు తిరగమంటే మూడో నెల, తిరగకూడదంటారు. అరవై నిండబోతున్న మనిషికి మూడో నెలేమిటే?"

 కౌంటరు మేడం దగ్గర ఉన్నది అనుమానం మాత్రమే. అది ఆమె వచ్చిన రెండో వారంలోనే మొదలైంది. జల్లెడ ఆపిన పేజీలు, తలమీద ముసుగు, లోపలి నుంచి అబ్బోలు, ఓహోలు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె రకరకాల అధికారుల్ని చూసింది గాని, పట్టపగలు ముసుగు కప్పుకునే అధికారిని చూడలేదు. పైగా ఆ హాలుకి బడిపిల్లలు కూడా వస్తారు. చూస్తూ ఊరుకోవడం తప్పనిపించింది. ఆ రెండో వారం చివర్లో ప్రధాన కార్యాలయానికి నాలుగు లైన్ల ఉత్తరం రాసింది. "మా గ్రంథాలయాధికారిగారు పని వేళల్లో ముసుగు వేసుకుని, ఆపివేసిన పేజీలు గంటల తరబడి చూస్తున్నారు. ఇది నిబంధనల ప్రకారమేనా అని తెలుసుకోగోరుతున్నాను." ఆఫీసు టపాలో వేస్తే ఆయన చేతుల్లో పడుతుందని, వీధి చివర పోస్టు డబ్బాలో వేసి వచ్చింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, జవాబు రాలేదు. కొన్నాళ్ళకి ఉత్తరం సంగతే మర్చిపోయింది.

అలాంటి రోజుల్లో నీలం చొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కౌంటరు దగ్గర నిలబడి, గట్టిగా, ఏ మొహమాటమూ లేకుండా అడిగాడు. "అమ్మా, నేను పుట్టగొడుగుల గురించి చూడాలి."

 కంప్యూటర్ల ముందున్నవాళ్ళు తలలు దించుకున్నారు. బస్సు డ్రైవరు లేచి వచ్చి ఆయన భుజం తట్టి, "మొదట్లో అందరికీ కష్టంగానే ఉంటుందండీ," అని చెప్పి వెళ్ళి కూర్చున్నాడు. బాబాయి హడావిడిగా గదిలోంచి వచ్చి, ఆ పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని మూలకి తీసుకెళ్ళాడు.

"ఇలా అందరి ముందూ బయటపడకూడదు నాయనా. సిగ్గుపడకుండా నాతో చెప్పు. ఎన్నాళ్ళ నుంచి?"

"మొన్న వర్షాలప్పటి నుంచండీ."

"ఇంట్లో తెలుసా?"

"తెలియకేం, మంచం కిందే ఉన్నాయి."

బాబాయి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "నొప్పి ఉందా?"

"ఎవరికండీ?"

"డాక్టరుకి చూపించావా?"

"పుట్టగొడుగులనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, ఆయన నిజంగానే పుట్టగొడుగులు పెంచుతున్నాడు. తడిపిన గడ్డి పరిచి, మంచం కింద, తెల్లవి. ఆయన అడిగిన పేజీని జల్లెడ ఆపనే లేదు, నొక్కగానే తెరుచుకుంది. అయినా బాబాయి పక్కన నిలబడి దాన్ని చివరిదాకా చదివాడు. చదివి, కాస్త చిన్నబుచ్చుకున్న మొహంతో గదిలోకి వెళ్ళిపోయాడు.

కౌంటరు మేడం ఆ రోజు కౌంటరు కిందకి వంగి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక అసలు సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ హాల్లో ఎవరూ పుట్టగొడుగులు పెంచలేదు. ఎవరి గుట్టు వాళ్ళది. ఆ గుట్టు పక్క కుర్చీకి తెలియకుండా ఉండటానికి ఆయన అందరికీ కలిపి ఒకటే పంట వేయించాడు. ఆ శాలువా కూడా అందుకే కావచ్చు. అలా అనుకోగానే మర్చిపోయిన ఉత్తరం ఆమెకి గుర్తొచ్చింది. అది దారిలో ఎక్కడైనా పోయి ఉంటే బాగుండునని ఆ రోజు నుంచీ కోరుకుంది.

పోలేదు. బాబాయి ఉద్యోగ విరమణ ఇంకా రెండు నెలలుందనగా ఒక మంగళవారం తనిఖీ అధికారి వచ్చాడు. ఇస్త్రీ మడత చెడని చొక్కా, నవ్వడం దండగనుకునే మొహం, చంకలో కాగితాల కట్ట. అద్దాల గదిలో కుర్చీ ఒకటే ఉండటం వల్ల విచారణ హాల్లోనే మొదలైంది. జనాన్ని బయటికి పంపమని ఆయన అనలేదు, వాళ్ళూ కదల్లేదు. ఆరు కంప్యూటర్ల దగ్గరా టైపు చేసే చప్పుడు ఆగిపోయింది.

"ఆపిన పేజీ ఎప్పుడు తెరిచినా, ఎవరి కోసం తెరిచారో పేరు నమోదు చెయ్యాలి. నిబంధన తెలుసా?"

"తెలుసండీ."

"ఏడాదిన్నరలో ఇక్కడ నాలుగు వందల పది పేజీలు తెరిచారు."

"పన్నెండు," అన్నాడు బాబాయి.

అధికారి కాగితం చూసుకుని గొంతు సవరించుకున్నాడు. "నాలుగు వందల పన్నెండు. అన్నిటికీ ఒకటే పేరు. మీదే."

"అవునండీ."

"చదువుతాను వినండి. గర్భవతులకి మూడో నెలలో జాగ్రత్తలు. ఇది మీకేనా?"

"నాకేనండీ."

"మళ్ళీ ఎనిమిది నెలల తర్వాత, రెండో కాన్పు గురించి."

"మొదటిది కాస్త కష్టమైంది. అందుకని ముందుగా చూసుకున్నాను."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అధికారి తలెత్తలేదు. "జూదం మానడం ఎలా. తాగుడు మానడం ఎలా. భర్త నుంచి విడిగా బతకాలనుకునే స్త్రీకి చట్టం ఇచ్చే రక్షణ. అంటే మీకు భర్త కూడా ఉన్నాడు."

"ఉన్నాడండీ. మంచివాడు కాదు."

"మగవాళ్ళకి గురక. ఆడవాళ్ళకి గడ్డం. ఏడేళ్ళ పిల్లాడు పక్క తడపడం. అరవై దాటాక రెండో పెళ్ళి." అధికారి కాగితాలు బల్ల మీద పడేశాడు. "ఇదంతా ఒకే మనిషా?"

"మనిషన్నాక నానా రకాలుంటాయి కదండీ."

అధికారి గొంతు తగ్గించాడు. తగ్గించిన గొంతే ఎక్కువ భయం పుట్టించింది. "చూడండి. ఇవి మీవి కావని నాకు తెలుసు, మీకు తెలుసు. ఎవరివో పేర్లు రాసివ్వండి, మీ మీద మచ్చ ఉండదు. రాసివ్వకపోతే పని వేళల్లో ముసుగు వేసుకుని ఆపిన పేజీలన్నీ మీరే చూశారని నివేదిక రాయాల్సి వస్తుంది. ఇవాళే సస్పెన్షను. రెండు నెలల్లో దిగిపోయేవారు, ఆ మాటతో దిగిపోతారు."

 ముసుగు అన్నది కౌంటరు మేడం మాట, ఆమె ఉత్తరంలోని మాట. ఈ కబురు పిన్నిగారికి ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు.

"పేర్లు గుర్తులేవండీ," అన్నాడు బాబాయి. "వయసు మీద పడింది."

"ఇప్పుడే నా లెక్క సరిచేశారు."

"అంకెలు గుర్తుంటాయి. మనుషులే గుర్తుండరు."

అప్పుడు మూడో నంబరు దగ్గర కుర్చీ కదిలింది. టైలరమ్మ లేచి వచ్చి, సంచీలోంచి మడతపెట్టిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకావిడకి ఆపరేషన్ అయింది. రొమ్ము ఒకవైపు తీసేశారు. లోపల వేసుకునేది ఆవిడకి సరిగ్గా కుదిరేలా కుట్టాలి, దానికి కొలతలు కావాలి. ఆ పేజీ అడిగితే మీ కంప్యూటరు నాకు అరచెయ్యి చూపించింది. ఆవిడెవరని అడక్కండి, చెప్పను. బాబాయిగారు కూడా అడగలేదు. ఈ చీటీ మాత్రం ఇచ్చారు."

అధికారి చీటీ విప్పాడు. ఆయన వెనక నిలబడ్డ కౌంటరు మేడానికి కూడా గుండ్రటి చేతిరాత కనిపించింది. "మొదటి రెండు పేరాలు వదిలెయ్యి, అవి ఊరికే భయపెట్టడానికి రాశారు. మూడో పేరా నుంచి కొలతలున్నాయి. చంక దగ్గర కుట్టు మెత్తగా ఉండాలట. అన్నిటికంటే కింద, ఇలాగే ఆపరేషన్ అయిన ఒకామె తన సంగతి రాసింది. అది ఆవిడకి చదివి వినిపించు."

ఆ శాలువా కింద మూడు రోజులు ఆయన చేసిన పని ఇది. పేజీ మనిషిని భయపెడుతుందో, ధైర్యం చెబుతుందో ముందు తాను చూసి, ఆ భయమేదో తాను పడి, పనికొచ్చే చోటు చూపించి అప్పుడు పంపడం. 

బస్సు డ్రైవరు కూడా లేచాడు. లైసెన్సు కవరులోంచి నలిగిపోయిన చీటీ తీసి పక్కన పెట్టాడు. అందులో ఒకటే ముక్క ఉంది. "మానేశాక తొమ్మిదో రోజు చాలా కష్టంగా ఉంటుందట. ఆ రోజు ఇక్కడికి వచ్చి నా ఎదురుగా కూర్చో."

అధికారి రెండు చీటీలూ రెండేసి సార్లు చదివాడు. కాని నిబంధన నిబంధనే. "పేరు రాస్తే పోయేదేముంది? అవి కార్యాలయం కాగితాలు. వాటిని ఎవరు చూస్తారు?"

"మీరు చూశారు కదండీ," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "చూసి, ఇప్పుడే హాలందరికీ చదివి వినిపించారు. నా పేరే ఉంది కాబట్టి సరిపోయింది."

అధికారి హాలంతా ఒకసారి కలియజూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏమనాలో తెలియనప్పుడు అధికారులు చేసే పనే ఆయనా చేశాడు. పరీక్ష పెట్టాడు. "ఆ ఫిల్టరు అంత గుడ్డిదేం కాదు. నేనే చూస్తాను," అంటూ వెళ్ళి నాలుగో నంబరు దగ్గర కూర్చున్నాడు.

పరీక్ష కోసమే టైపు చేశాడు. కాని పరీక్ష కోసమైనా మనిషికి చటుక్కున తోచేది మనసులో ఉన్న మాటే. తెర మీద ఎర్రటి అరచెయ్యి వచ్చింది. దాని కింద మూడు గళ్ళు. పేరు, కార్డు నంబరు, ఈ పేజీ మీకు ఎందుకు. ఆయన వేలు మొదటి గడి మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కౌంటరు మేడం కాగితాల కట్ట అందించడానికి పక్కకి వచ్చి, ఆయన ఏం టైపు చేశాడో చూసింది. చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఆయన ఏం టైపు చేశాడని అడుగుతున్నారా? పుట్టగొడుగుల పెంపకం.

ఆమె తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళి, శాలువా తెచ్చి బాబాయి చేతికిచ్చింది. బాబాయి నాలుగో నంబరు దగ్గరకి వచ్చి ఒంగి తెర చూశాడు.

"గురువారం రాగలరా అండీ?"

"సాయంత్రం బండికి వెళ్ళిపోవాలి," అన్నాడు అధికారి. అంతసేపూ లేని మెత్తదనం ఆ గొంతులోకి వచ్చింది.

"అయితే అలా బల్ల మీద కూర్చోండి. ముందు నేను చదవాలి."

గంటంబావు పట్టింది. అంతసేపూ తనిఖీ అధికారి బస్సు డ్రైవరు పక్కన బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. శాలువా లోపలి నుంచి "ఊఁ" అన్నప్పుడల్లా మెడ చాచాడు. "అబ్బో" అన్నప్పుడు కంగారుపడితే, డ్రైవరు "అది మంచి అబ్బోనేలెండి," అని ధైర్యం చెప్పాడు. చివరికి బాబాయి ముసుగు తీసి, కళ్ళజోడు తుడుచుకుని, పాస్‌వర్డ్ కొట్టి, మొదటి గడిలో అలవాటుగా తన పేరు రాసి, చీటీ అందించాడు. అధికారి పేజీ చదివాడు. చీటీ చదివాడు. దాన్ని మడిచి, జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకున్నాడు. మెట్లు దిగుతూ ఫోనులో ఎవరితోనో మాట్లాడటం కౌంటరు మేడానికి వినిపించింది. "అమ్మలూ, ఏడింటికల్లా వచ్చేస్తాను. ఏం కాలేదమ్మా. ఊరికే, కూర్చుని మాట్లాడుకుందామని."

హాలు ఖాళీ అయ్యాక ఆమె అద్దాల గది గుమ్మంలో నిలబడింది.

"సార్, ఆ ఉత్తరం రాసింది నేనే."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అది నా సంతకం లేకుండా పంపావు కదా తల్లీ. ఏ ఉత్తరమైనా అధికారి ద్వారానే రావాలని వాళ్ళు దాన్ని నాకే తిప్పి పంపారు. చదివాను. ముందు నేను చదవాలి కదా. సంతకం పెట్టి, ముద్ర వేసి, మళ్ళీ పంపాను. అందుకే అంత ఆలస్యమైంది."

"మీ మీద ఫిర్యాదుని మీరే పంపారా?"

"న్యాయంగా ఉంది మరి. కొత్తగా వచ్చిన మనిషివి, ముసలాడు ముసుగు కప్పుకుని ఏం చేస్తున్నాడో అని అడగకుండా ఊరుకుంటే అది తప్పు. నువ్వు అడిగావు. అప్పుడే అనుకున్నాను, నా తర్వాత ఈ గదిలో కూర్చోవాల్సింది నువ్వేనని." ఆయన శాలువా మడత పెట్టసాగాడు. "రెండు నెలల్లో ఇది నీది. ఉతుకుతూ ఉండు, జనం మాసిపోయిందంటున్నారు."

ఆమె ఏడవబోయి, ఆ శాలువా వాసనకి తుమ్మింది. దాంతో ఇద్దరికీ నవ్వొచ్చింది.

నివేదిక పది రోజుల్లో వచ్చింది. బాబాయి చదివాక కౌంటరు మేడం చదివింది. "సదరు గ్రంథాలయంలో తెరిచిన నాలుగు వందల పదమూడు పేజీలను పరిశీలించడమైనది. అన్నియూ పుట్టగొడుగుల పెంపకమునకు సంబంధించినవే. అభ్యంతరకరమైనదేమీ లేదు." పదమూడు అని రాయడంలో కూడా తనిఖీ అధికారి తప్పు చేయలేదు, తన పేజీని కూడా కలుపుకున్నాడు.

ప్రధాన కార్యాలయం ఆ నివేదికని నమ్మింది. నమ్మి ఊరుకోలేదు. ఆ ప్రాంత ప్రజలకి ఈ పంట మీద ఇంత ఆసక్తి ఉన్నందుకు సంతోషిస్తూ, పుట్టగొడుగుల పెంపకం మీద ఇరవై రెండు పుస్తకాలు పెట్టెలో పెట్టి పంపించింది. నీలం చొక్కా పెద్దమనిషికి ఈ సంగతి ఎలా తెలిసిందో, పెట్టె విప్పకముందే వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. కౌంటరు మేడం మొదటి పుస్తకం తీసి ముద్ర వెయ్యబోయింది.

"ఆగు తల్లీ," అన్నాడు బాబాయి గదిలోంచి శాలువా దులుపుకుంటూ వచ్చి. "ముందు నేను చదవాలి."

సోమవారం పదిన్నరకి ఫోను మోగింది.

"అమ్మాయ్, ఈయన మంచం కింద గడ్డి పరిచి నీళ్ళు చల్లుతున్నారు. అడిగితే దీపం ఆర్పమంటున్నారు. ఇదేం జబ్బే?"

"జబ్బు కాదు పిన్నిగారూ," అంది కౌంటరు మేడం. "ఈసారి నిజంగా పుట్టగొడుగులే."